ఎఫ్ పన్నెండు

సాలిగ్రామంలో మేడ మీద డబ్బింగ్ థియేటరు.
రాత్రి తొమ్మిదిన్నరకి ఇంజనీరు దురైరాజ్
చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ
తాళంచెవి నా ఒళ్ళోకి విసురుతాడు.
"పోయేటప్పుడు ఏసీ ఆపేయ్ మా."
అంతే. ఇక కంప్యూటరు నాది.
నాది అనడానికీ లేదు.

నాదల్లా ఈ పెన్‌డ్రైవు.
రిచీ స్ట్రీట్‌లో మూడు వందల ఎనభై అన్నాడు,
మూడు వందల యాభైకి ఇచ్చాడు.
మూత ఎప్పుడో పోయింది,
దుమ్ము పడకుండా అగరొత్తుల కాగితం చుట్టి
జాకెట్లో పర్సు పక్కన పెట్టుకుంటాను.

గుచ్చి, మీట నొక్కి,
ఎఫ్ పన్నెండు మీద వేలు టకటకలాడించాలి.
ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే
దురైరాజ్ కంప్యూటరే లేచి కూర్చుంటుంది,
వాళ్ళ పాప బోసినవ్వుతో.
మళ్ళీ ఆర్పు, మళ్ళీ టకటక.
సమయానికి పడిందా,
నల్ల తెర మీద తెల్లక్షరాలు చీమల బారులా దిగుతాయి.
నెమ్మది. ఫ్లాస్కులో టీ సగమవుతుంది.
ఆ తర్వాత నా నీలం గోడ,
నా తెలుగు మీటలు,
నిన్న ఆపిన వాక్యం ఆపినచోటే.

మొదట్లో ఇలా ఉండేది కాదు.
దాచుకునే అర ఒకటి విడిగా కట్టుకోవాలని తెలీక
నెల్లాళ్ళు, ఆర్పితే అన్నీ మర్చిపోయే దాంతో
రోజూ కొత్త కాపురం పెట్టాను.

లోపలి హార్డ్‌డిస్కు పక్కనే నిద్రపోతుంటుంది.
దాని అరలు నాకు కనిపిస్తాయి, గడియ లేదు.
తెరవను.
అద్దెకున్న చోట ఇంటివాళ్ళ బీరువా జోలికి
పోకూడదని మా దొడ్డమ్మ అనేది.

నా పని నోళ్ళతో.
నూట పదహారో ఎపిసోడులో పరిమళం అనే కోడలు
అత్తని చూసి "పోదుమ్" అంటుంది.
చాలు, అని అర్థం.
చాలు అంటే ఆ పెదవులు కలవవు.
ఆపండి అంటే మొదట నోరు తెరుచుకుంటుంది.
పకారంతో మొదలై మకారంతో మూసుకునే కోపం కావాలి నాకు.
మూడు రాత్రులు అద్దంలో నా నోరే చూసుకున్నాను.

బుధవారం రాత్రి వాచ్‌మన్ మనవడు కదిరవన్
మెట్లెక్కి వచ్చాడు.
పెన్‌డ్రైవు కొసన ఎర్రదీపం మినుకుమంటుంటే
మిణుగురనుకున్నాడో ఏమో,
పీకి గుప్పిట్లో మూశాడు.

తెర ఆరిపోలేదు.
అదే నన్ను భయపెట్టింది.
బాణం గుర్తు కదులుతోంది,
మూలన గడియారం పదకొండూ నలభై రెండు, నలభై మూడు.
రాసినదంతా ఎదురుగానే ఉంది, చదువుకోవచ్చు.
దాచబోతే దాచదు. మూయబోతే మూతపడదు.
ఇంకో కిటికీ తెరవమంటే
గీత మాత్రం గీసి ఊరుకుంది.
తను లేనని దానికింకా ఎవరూ చెప్పలేదు.

కాగితం కోసం వెతికి, దొరక్క,
అరచేతి మీద రెండు సంభాషణలు ఎక్కించుకున్నాను.
మూడోది రాస్తుండగా గడియారం నిలిచిపోయింది.

పిల్లాణ్ణి తిట్టలేదు.
గుప్పిట విప్పించాను. పెన్‌డ్రైవు వెచ్చగా ఉంది,
వాడి చెయ్యి వల్లో, దాని పని వల్లో.
గుచ్చాను. టకటక. చీమల బారు.
నలభై ఒకటో సీను వరకే ఉంది.
మిగతా ఆరూ మళ్ళీ రాశాను
తప్పుల్తో సహా గుర్తున్నట్టు.
పరిమళం దగ్గరికొచ్చేసరికి రెండు దాటింది.
ఏ ఆలోచనా లేకుండా కొట్టాను:
"పోదాం."
అచ్చంగా అతికింది. పెదవి మీద పెదవి.

పొద్దున డబ్బింగులో ఎవరూ అడగలేదు
ఎక్కడికి, ఎవరితో అని.
తమిళంలో ఆమె ఆ వంటింట్లోనే ఉంది.

దురైరాజ్ కంప్యూటరు వేస్తే
పాప బోసినవ్వు, ఎప్పటిలాగే.
రాత్రి సంగతి దానికేం తెలీదు.
కుర్చీ ఎవడు కిందికి దించాడ్రా అని మాత్రం
సణుక్కున్నాడు.